టెన్నిస్‌తో కాలేజీ సీటు: జూన్ 15కి ముందు, తర్వాత

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి టెన్త్ గ్రేడ్, 2028లో హైస్కూల్ పూర్తవుతుంది. చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడుతోంది, యూటీఆర్ (టెన్నిస్ రేటింగ్) 7.3. జీపీఏ 3.9. డివిజన్ వన్ కాలేజీలో ఫుల్ స్కాలర్‌షిప్ రావాలని మావారి పట్టుదల. అందుకోసం ఆన్‌లైన్ స్కూల్‌కి మార్చి రోజంతా ఆడిద్దామంటున్నారు. ఒక రిక్రూటింగ్ ఏజెన్సీ అయిదు వేల డాలర్లు కడితే కోచ్‌లతో మాట్లాడిస్తామంది. అమ్మాయి పది మంది కోచ్‌లకు మెయిల్ పెడితే ఒక్కరూ జవాబివ్వలేదు. తనకి ఆట రాదనుకుని కుంగిపోతోంది. మేం హెచ్-1బీ మీద, తను హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్నాం. గ్రీన్ కార్డు ఎప్పటికొస్తుందో దేవుడికే తెలియాలి. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

జవాబు: ముందు అమ్మాయి బెంగ తీర్చండి. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ కాలేజీల్ని మూడు డివిజన్లుగా చూస్తుంది, రూల్స్ ఒక్కోదానికి వేరు. ఆ పది మందీ డివిజన్ వన్ కోచ్‌లైతే, జవాబు రాలేదంటే వద్దన్నట్టు కాదు. టెన్త్ గ్రేడ్ పూర్తయ్యాక వచ్చే జూన్ 15 దాకా టెన్నిస్ కోచ్ రిక్రూటింగ్ గురించి మెయిల్ రాయకూడదు, మెసేజ్ పెట్టకూడదు, ఫోన్‌లో మాట్లాడకూడదు. మీరే ఫోన్ చేసినా సరే. క్వశ్చనేర్ లింకో, సమ్మర్ క్యాంపు ప్రకటనో పంపుకోవచ్చు, అంతే. అయితే వచ్చిన మెయిల్ చదవొద్దని మాత్రం ఏ రూలూ లేదు. చదువుతారు, పనికొస్తుందనుకున్న పేరు రాసి పెట్టుకుంటారు. డివిజన్ టూకి కూడా ఇదే తేదీ. డివిజన్ త్రీ కోచ్‌లకు మాత్రం ఈ అడ్డు లేదు, ఇవాళే జవాబివ్వొచ్చు. మీ అమ్మాయి రాసిన పదిలో డివిజన్ త్రీ కాలేజీలు ఎన్నున్నాయో చూడండి. సాధారణంగా మనవాళ్ల పిల్లల జాబితాలో స్టాన్‌ఫర్డ్, డ్యూక్, యూటీ ఆస్టిన్ లాంటివే ఉంటాయి. చేసే పొరపాటు అక్కడే.

ఇక మీవారి ఫుల్ స్కాలర్‌షిప్ లెక్క. అది నిన్నమొన్నటి దాకా పూర్తిగా తప్పు కాదు. డివిజన్ వన్ అమ్మాయిల టెన్నిస్‌లో జట్టుకు 8 స్కాలర్‌షిప్‌లుండేవి. ఒకరికి కొంత, ఇంకొకరికి కొంత అని ముక్కలు చేయడానికి వీల్లేదు, ఇస్తే పూర్తిగా ఇవ్వాల్సిందే. అబ్బాయిల జట్టుకు ఉన్నవి నాలుగున్నరే, వాటినే పంచుకునేవారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో (ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన కేసులో కుదిరిన రాజీ) 2025-26 నుంచి ఆ లెక్క మారిపోయింది. దాంట్లో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్‌ల సంఖ్యకు పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండాలన్న దానికి పరిమితి వచ్చింది. టెన్నిస్‌కి అది 10. పది మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు, ఇద్దరికే ఇవ్వొచ్చు, కొందరికి పావలా వంతు ఇచ్చి సరిపెట్టనూవచ్చు. మరోవైపు కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించే వీలూ అదే సెటిల్‌మెంట్ ఇచ్చింది. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌కీ బాస్కెట్‌బాల్‌కీ పోతుంది కాబట్టి టెన్నిస్ బడ్జెట్ పెరుగుతుందన్న ఆశ పెట్టుకోకండి. డివిజన్ త్రీలోనూ, హార్వర్డ్, యేల్ లాంటివున్న ఐవీ లీగ్‌లోనూ ఆట పేరు మీద ఇచ్చే స్కాలర్‌షిప్ ఒక్క డాలరు కూడా ఉండదు.

పోటీ కూడా ఇక్కడి పిల్లలతో మాత్రమే కాదు. డివిజన్ వన్ టెన్నిస్‌లో సగానికి పైగా విదేశీ ఆటగాళ్లే. మన సాకేత్ మైనేని యూనివర్సిటీ ఆఫ్ అలబామాకు ఆడింది అలా వచ్చే. పైగా ఇప్పుడు కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఒకటి. పద్దెనిమిదేళ్ల కొత్త పిల్లని తెచ్చుకుని తీర్చిదిద్దేకంటే, వేరే కాలేజీలో రెండేళ్లు ఆడి నెగ్గిన ఇరవయ్యేళ్ల అమ్మాయిని తెచ్చుకోవడం కోచ్‌కి తేలిక. డాలస్ చుట్టుపక్కల అకాడమీల్లో తల్లిదండ్రులు తరచూ చెప్పుకునే పేరు నిశేష్ బసవారెడ్డి. వాళ్లది నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబం. స్టాన్‌ఫర్డ్‌లో ఆడి 2024 డిసెంబర్‌లో ప్రొఫెషనల్‌గా మారాడు. కానీ ఆ అబ్బాయి 2022లో యూఎస్ ఓపెన్ జూనియర్ డబుల్స్ టైటిల్ గెలిచినవాడు. ఆ కొలబద్దతో మీ అమ్మాయిని కొలిస్తే ఆమెకే అన్యాయం.

మరి ఇన్నేళ్ల ఆట దండగేనా అంటే, కాదు. 3.9 జీపీఏ, 7.3 యూటీఆర్ ఉన్న అమ్మాయికి టెన్నిస్ డబ్బు తెచ్చిపెట్టడం కంటే అడ్మిషన్ తెచ్చిపెట్టే అవకాశం చాలా ఎక్కువ. మామూలుగా అప్లై చేస్తే వేలమందిలో ఒకరయ్యే కాలేజీలో, కోచ్ మద్దతుంటే దరఖాస్తు వేరే కళ్లతో చదువుతారు. ఎమరీ, విలియమ్స్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, జాన్స్ హాప్కిన్స్, క్లేర్‌మాంట్-మడ్-స్క్రిప్స్, పొమోనా-పిట్జర్ ఇవన్నీ డివిజన్ త్రీ జట్లే. మీ రాష్ట్రంలోనే శాన్ ఆంటోనియోలో ట్రినిటీ ఉంది. డివిజన్ త్రీ అంటే మూడో తరగతి అనుకునే తల్లిదండ్రులు ఒకసారి వీటి అడ్మిషన్ శాతాలు చూడాలి. ఎంఐటీ కూడా డివిజన్ త్రీయే. కాకపోతే అక్కడ కోచ్ మాట సాయమే తప్ప హామీ కాదు, తుది నిర్ణయం అడ్మిషన్స్ ఆఫీసుదే.

యూటీఆర్ దగ్గర కొంచెం ఆగుదాం. చాలా ఇళ్లలో దీన్ని ర్యాంకులా చూస్తారు. 16.5 దాకా ఉండే ఈ స్కేలు గత 12 నెలల్లోని చివరి 30 మ్యాచ్‌ల దాకా తీసుకుని లెక్క కడుతుంది. గెలిచారా ఓడారా అన్నది కాదు, ఎదుటి అమ్మాయి రేటింగ్‌ని బట్టి మీరు గెలవాల్సినన్ని గేమ్‌లకంటే ఎక్కువ గెలిచారా, తక్కువా అన్నది చూస్తుంది. 7.3 ఉన్న మీ అమ్మాయి 8.5 ఉన్నామె మీద 4-6, 4-6తో ఓడితే రేటింగ్ పెరిగే అవకాశమే ఎక్కువ. 6.2 ఉన్నామె మీద 7-5, 6-4తో గెలిస్తే తగ్గొచ్చు. ఇది తెలిసిన కొందరు తల్లిదండ్రులు తక్కువ రేటింగ్ వాళ్లతో పడిన డ్రాలోంచి పిల్లల్ని తప్పిస్తారు, ఓడిపోయేలా ఉంటే కాలు నొప్పని మధ్యలో విరమింపజేస్తారు. కోచ్ చూసేది ఒక్క అంకె కాదు, మ్యాచ్‌ల చరిత్ర మొత్తం. వరసగా విత్‌డ్రాయల్స్ కనిపిస్తే ఆ పేరు అక్కడితో సరి. యూఎస్‌టీఏ (అమెరికా టెన్నిస్ సంఘం) టోర్నమెంట్లలో తన స్థాయికి ఒక మెట్టు పైవి ఎక్కువ, సమానమైనవి కొన్ని ఆడించండి. స్కూల్ జట్టు తరఫున ఆడటం మంచిదే, స్నేహితులుంటారు, సరదా ఉంటుంది. కోచ్‌లు మాత్రం దానికి పెద్దగా విలువివ్వరు.

స్థూలంగా చెప్పాలంటే పెద్ద కాన్ఫరెన్సుల (కాలేజీల లీగుల) అమ్మాయిల జట్లలో యూటీఆర్ 10 అటూ ఇటూ ఉంటుంది, చిన్న డివిజన్ వన్ జట్లలో 8, 9 మధ్య, డివిజన్ త్రీ అగ్ర జట్లలో 8 దగ్గర. ఈ అంకెల్ని నమ్మి కూర్చోకుండా మీరే చూసుకోండి. ఒక కాలేజీ జట్టు పేజీ తెరవండి. ఇప్పుడు సోఫమోర్లుగా (రెండో ఏడాదిలో) ఉన్నవాళ్లెవరో రాసుకోండి. 2028 వసంతంలో వెళ్లిపోయేది వాళ్లే, ఖాళీ అయ్యేవి వాళ్ల స్థానాలే. ఒక్కరే ఉంటే కోచ్ ఆ ఏడాది ఒక్కరినే తీసుకుంటారేమో. ముగ్గురుంటే మీ మెయిల్‌కి బలం ఉంది. తర్వాత స్కోర్లలోకి వెళ్లి నాలుగు, అయిదు, ఆరు స్థానాల్లో ఆడుతున్నవాళ్ల పేర్లు తీసి వాళ్ల యూటీఆర్ చూడండి. మీ అమ్మాయి పోటీ పడాల్సింది మొదటి స్థానంలోని అమ్మాయితో కాదు, వీళ్లతో. చివరగా సొంత ఊళ్ల వరస చూడండి. తొమ్మిది మందిలో ఎనిమిది మంది విదేశాల నుంచి వచ్చినవాళ్లయితే ఆ కోచ్ పద్ధతేమిటో అర్థమైపోతుంది, ఇంకో కాలేజీ చూసుకోవచ్చు. ఇలా ఒక 40 కాలేజీలు వడపోస్తే 20, 25 మిగులుతాయి. వాటిలో సగానికి పైగా డివిజన్ త్రీ ఉండేలా చూసుకోండి.

డబుల్స్ గురించి ఒక మాట. డివిజన్ వన్ మ్యాచ్‌కి ఏడు పాయింట్లు: ఆరు సింగిల్స్‌కి ఆరు, మూడు డబుల్స్ సెట్లలో రెండు గెలిచిన జట్టుకి ఒకటి. మ్యాచ్ మొదలయ్యేది ఆ డబుల్స్‌తోనే. మన పిల్లలు సింగిల్స్ ర్యాంకు యావలో పడి వాలీ కొట్టడమే మానేస్తారు. సింగిల్స్‌లో ఏడో స్థానంలో ఉన్న అమ్మాయి మంచి డబుల్స్ ఆడగలిగితే ప్రతి మ్యాచ్‌లోనూ కోర్టులో ఉంటుంది.

మెయిల్ అమ్మాయే రాయాలి, తన ఐడీ నుంచే పంపాలి. నాన్న రాసింది ఏదో కోచ్‌కి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. సబ్జెక్ట్ లైన్‌లో గ్రాడ్యుయేషన్ ఏడాది, యూటీఆర్, జీపీఏ, ఊరు ఉండాలి. లోపల పది వాక్యాలు చాలు: ఆ కాలేజీయే ఎందుకు, ఏం చదవాలనుకుంటోంది, ఏ చేతివాటం, ఈ మధ్య ఎవరితో ఎలా ఆడింది, వచ్చే రెండు నెలల్లో ఏయే టోర్నమెంట్లున్నాయి, వీడియో లింకు, తన అకాడమీ కోచ్ ఫోన్ నంబరు. కాలేజీ పేరు మార్చి అదే మెయిల్ అందరికీ పంపితే ఎప్పుడో ఒకసారి పాత పేరు అలాగే ఉండిపోతుంది, పరువు పోతుంది. కాలేజీ సైట్‌లో ఉండే రిక్రూటింగ్ క్వశ్చనేర్ కూడా నింపాలి, కొన్నిచోట్ల అది లేకపోతే మీ పేరు వాళ్ల జాబితాలోకే ఎక్కదు. నెలకో, నెలన్నరకో ఒకసారి ఫలితాలతో నాలుగు వాక్యాల అప్‌డేట్ పంపితే చాలు.

వీడియోకి ప్రొఫెషనల్ కెమెరామన్ అక్కర్లేదు. ఫోన్‌ని బేస్‌లైన్ వెనక ఫెన్స్‌కి వీలైనంత ఎత్తులో బిగించండి, కోర్టు నాలుగు మూలలూ కనిపించాలి. నెట్ పక్క నుంచి తీస్తే బంతి ఎక్కడ పడుతోందో, అమ్మాయి ఎంత త్వరగా కోలుకుంటోందో తెలియదు. మొదట పేరు, ఏడాది, ఎత్తు, యూటీఆర్ ఉన్న స్లయిడ్. తర్వాత ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ క్రాస్‌కోర్టూ లైనూ, వాలీలు, ఓవర్‌హెడ్, రెండు వైపుల నుంచీ సర్వ్, రిటర్న్ అన్నీ కలిపి మూడు నిమిషాలు. దాని వెనకాల నిజమైన మ్యాచ్‌లో ఒక సెట్, ఓడిన పాయింట్లు కోయకుండా. డబుల్ ఫాల్ట్ తర్వాత భుజాలు జారిపోతున్నాయా, తర్వాతి పాయింట్‌కి సిద్ధమవుతోందా అన్నది కోచ్ వెతికి మరీ చూస్తాడు. పాటలు, స్లో మోషన్ వద్దు. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు ఇవ్వండి.

ఇప్పుడు చెప్పిందే ఆ ఏజెన్సీ అయిదు వేలకు చేసే పని. కోచ్‌ల మెయిల్ ఐడీలు కాలేజీ సైట్లలో అందరికీ కనిపించేవే. టైమ్ లేకపోతే, లేదా అమ్మాయిని రోజూ వెంటబడి రాయించే ఓపిక లేకపోతే డబ్బు పెట్టడం మీ ఇష్టం. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి: 'స్కాలర్‌షిప్ వస్తే అందులో ఇంత శాతం' అనో, 'సీటు వస్తేనే ఫీజు' అనో ఒప్పందం ఉంటే సంతకం పెట్టకండి. ఎన్‌సీఏఏ రూల్స్ ప్రకారం ఫీజు కాలేజీలో చేరడంతోనో స్కాలర్‌షిప్‌తోనో ముడిపడి ఉండకూడదు. ముడిపడితే పోయేది ఏజెన్సీ లైసెన్స్ కాదు, అమ్మాయి అర్హత. సమ్మర్ క్యాంపుల 'ప్రత్యేక ఆహ్వానాలు' కూడా వందలమందికి వెళ్లేవే. కోచ్ స్వయంగా రాసి పిలిచిన కాలేజీకి, నిజంగా చేరాలనుకుంటున్న కాలేజీకి మాత్రమే వెళ్లండి.

ఆన్‌లైన్ స్కూల్ విషయంలో మీవారిని ఆపండి. నేను చెప్పే కారణం భావోద్వేగం కాదు, కాగితం. డివిజన్ వన్‌లో ఆడాలంటే 16 కోర్ కోర్సులుండాలి: ఇంగ్లిష్ 4, ఆల్జీబ్రా వన్ నుంచి పైకి మ్యాథ్ 3, సైన్స్ 2, ఈ మూడింట్లోనే ఇంకొకటి, సోషల్ 2, అదనంగా మరో 4. ఈ కోర్సుల్లో జీపీఏ కనీసం 2.3. మీ అమ్మాయికి మార్కులతో ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ 16లో 10 కోర్సులు సీనియర్ ఇయర్ (ట్వెల్త్ గ్రేడ్) మొదలవకముందే అయిపోవాలి, ఆ పదిలో 7 ఇంగ్లిష్, మ్యాథ్, సైన్స్ అయి ఉండాలి, ఆ గ్రేడ్లను తర్వాత మార్చుకోవడానికి లేదు. పైగా ప్రతి కోర్సూ ఆ స్కూల్ పేరు కింద ఎన్‌సీఏఏ ఆమోదించిన జాబితాలో ఉండాలి. టీచర్‌తో సంబంధం లేకుండా పిల్లలే వీడియోలు చూసి రెండు వారాల్లో ముగించే ఆన్‌లైన్ కోర్సులు ఆ జాబితాలో ఉండవు. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ సైట్‌లో స్కూల్ పేరు కొడితే జాబితా వస్తుంది, చేరే ముందు ప్రతి కోర్సు పేరూ సరిచూడాలి. మీ వైపు పిల్లలు ఆల్జీబ్రా వన్‌ని మిడిల్ స్కూల్లోనే పూర్తిచేస్తారు గదా, అది కూడా లెక్కకొస్తుంది, హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ మీద గ్రేడ్‌తో, క్రెడిట్‌తో కనిపిస్తే. కనిపిస్తోందో లేదో కౌన్సెలర్‌ని ఇప్పుడే అడగండి.

కాగితం సంగతి అలా ఉంచినా, మీ అమ్మాయికి తగిన కాలేజీలు చూసేది ఏపీలు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు), స్కూల్ కఠినత్వం. అవి వదిలేసి రోజుకి మరో మూడు గంటలు ఆడితే యూటీఆర్ 7.3 నుంచి 7.8 అయి, అడ్మిషన్ అవకాశం మాత్రం తగ్గే ప్రమాదముంది.

వీసా. ఇది ఇంకెవరూ మీకు చెప్పరు, ఎందుకంటే కోచ్‌లకు తెలియదు. హెచ్-4 మీద ఆడటానికి, స్కాలర్‌షిప్ తీసుకోవడానికి అడ్డు లేదు. ఇరవై ఒకటి నిండేలోపు ఎఫ్-1కి (స్టూడెంట్ వీసాకి) మారాలి, అంటే కాలేజీ మధ్యలో. ఆ తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో వేసుకోండి. అసలు చిక్కు డబ్బు దగ్గర. ఫెడరల్ ఆర్థిక సాయం సిటిజన్లకు, గ్రీన్ కార్డున్నవాళ్లకు, మరికొన్ని వర్గాలకే, హెచ్-4కి లేదు. డివిజన్ త్రీ ప్రైవేటు కాలేజీల్లో ఏడాది ఖర్చు 90 వేల డాలర్ల దగ్గర, కొన్నిచోట్ల అంతకు పైనే ఉంటుంది. అవి సొంత నిధుల నుంచి సాయం చేస్తాయి, కానీ చాలాచోట్ల మీ అమ్మాయిని ఆ విషయంలో ఇంటర్నేషనల్ విద్యార్థిగా లెక్కేస్తారు, సాయం అడిగితే అడ్మిషన్ మీదే ప్రభావం పడొచ్చు. వెబ్‌సైట్లలోని నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ సిటిజన్ పిల్లల కోసం చేసింది, అది చూపించే అంకె నమ్మకండి. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, హెచ్-4 విద్యార్థిని ఏ కోవలో చూస్తారో రాతపూర్వకంగా తెప్పించుకోండి. మెరిట్ స్కాలర్‌షిప్‌లకు అర్హత ఉందో లేదో అదే మెయిల్‌లో అడగండి. ఇక నేమ్, ఇమేజ్, లైక్‌నెస్ పేరుతో ఎవరైనా ప్రకటనకో పోస్టుకో డబ్బిస్తామంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఒప్పుకోవద్దు. అది పని కిందికి వస్తే ఆటతోపాటు వీసాకే ముప్పు. టోర్నమెంట్ల ప్రైజ్ మనీ తీసుకునే ముందు కూడా ఎన్‌సీఏఏ రూల్స్ చూసుకోండి.

జూన్ 15 తర్వాత ఫోన్లొస్తాయి. మొదటి కాల్ అమ్మాయే మాట్లాడాలి, మీరు పక్క గదిలో ఉండండి. ముందే ఒక కాగితం మీద అడగాల్సినవి రాసుకోమనండి: 2028కి ఎంతమందిని తీసుకుంటున్నారు, మీ జాబితాలో నేనెక్కడున్నాను, లైనప్‌లో నన్ను ఎక్కడ ఊహిస్తున్నారు, ల్యాబ్ క్లాసూ ప్రాక్టీసూ ఒకే టైమ్‌కి పడితే ఏం చేస్తారు. డివిజన్ వన్‌లో సీజన్‌లో వారానికి 20 గంటల ఆట, ప్రయాణాలు వేరే. ఇంజనీరింగో ప్రీమెడో అనుకుంటే ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబే ముఖ్యం. ఆగస్టు 1 నుంచి డివిజన్ వన్ కాలేజీలు తమ ఖర్చుతో అఫీషియల్ విజిట్‌కి పిలవొచ్చు, డివిజన్ త్రీకి జూనియర్ ఇయర్ (లెవెన్త్ గ్రేడ్) జనవరి 1 నుంచి. అక్కడ కోచ్ లేనప్పుడు జట్టు పిల్లలు ఎలా మాట్లాడుకుంటున్నారో విని రమ్మనండి.

జూనియర్ ఇయర్ వసంతానికి ఎస్ఏటీ అయిపోవాలి. ఐవీల్లో ఎక్కువ భాగం మళ్లీ టెస్ట్ అడుగుతున్నాయి. వసంతానికే ఎందుకంటే, ఆ వేసవిలో, జూలై 1 నుంచి, ఐవీల్లోనూ డివిజన్ త్రీల్లోనూ ప్రీ-రీడ్ ఉంటుంది: ట్రాన్‌స్క్రిప్ట్, స్కోరు, సీనియర్ ఇయర్ కోర్సుల జాబితా కోచ్‌కి ఇస్తే అడ్మిషన్స్ వాళ్లు ముందుగా చూసి అవకాశమెంతో చెబుతారు. అప్పుడు కోచ్‌ని సూటిగా అడగాల్సిన ప్రశ్న: 'నేను ఎర్లీ డెసిషన్‌లో (సీటొస్తే తప్పక చేరతానని ఒక్క కాలేజీకే ముందుగా వేసే దరఖాస్తులో) వేస్తే మీరు పూర్తి మద్దతిస్తారా? మీరు అలా మద్దతిచ్చినవాళ్లలో గత రెండు మూడేళ్లలో ఎంతమందికి రాలేదు?' 'నువ్వంటే మాకు చాలా ఇష్టం, తప్పకుండా అప్లై చెయ్' అన్నది మద్దతు కాదు, మర్యాద. ఆ తేడా అర్థంకాక ఎర్లీ డెసిషన్ ఒక్క అవకాశాన్నీ అక్కడ ఖర్చు చేసుకునేవాళ్లు ఏటా ఉంటారు.

డివిజన్ వన్ ఆఫర్ వస్తే, నోటిమాటకు ఏ వైపు నుంచీ కట్టుబాటు లేదు. ఆ కాలేజీలోనే చేరతానని ఆటగాళ్లు సంతకం పెట్టే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ని 2024లో తీసేశారు, ఇప్పుడు సంతకం పెట్టేది కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం ఒప్పందం మీదే, సీనియర్ ఇయర్ నవంబర్‌లో. అందులో ఎన్నేళ్లకో, గాయమైతే ఏమవుతుందో, పది మంది జాబితాలో చోటు ఖాయమో కాదో చదవండి. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేర్చుకుంటామన్న మాటకు మునుపటి విలువ లేదు, పది దాటితే ముందుగా పేరు పోయేది వాళ్లదే.

ఇవన్నీ చేసినా జట్టులో చోటు రాకపోవచ్చు. అప్పుడు నచ్చిన కాలేజీలోనే చేరి క్లబ్ టెన్నిస్ ఆడొచ్చు. యూఎస్‌టీఏ నడిపే టెన్నిస్ ఆన్ క్యాంపస్‌లో అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి జట్లుగా ఆడతారు, పెద్ద యూనివర్సిటీల్లో ఆ జట్టుకీ సెలెక్షన్ ట్రయల్స్ ఉంటాయి, అవి సాధారణంగా ఫాల్ సెమిస్టర్ మొదట్లోనే జరుగుతాయి.